జర్మన్ నేలపై తెలుగువారి శరత్కాలం

ఆశ్వయుజ, కార్తీక మాసాలను తెలుగువారి ఋతువుల లెక్క శరత్తు అంటుంది. వానలు వెనుకంజ వేసి, ఆకాశం తేటపడి, చెరువులు అలుగుల దాకా నిండి, బీళ్ల మీద తంగేడు పచ్చగా, చేలగట్ల మీద గునుగు తెల్లగా విరబూసే కాలం ఇది. ఆకులు రాలడం ఈ లెక్కలో మాఘ ఫాల్గుణాల శిశిరానికి చెందిన సంగతి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలోని జర్మన్ భాషా ప్రాంతాల్లో సరిగ్గా ఇవే నెలలు ఇందుకు పూర్తిగా భిన్నమైన కాలాన్ని తెస్తాయి. సెప్టెంబర్ చివరి నుంచి అక్కడి చెట్లు పసుపుపచ్చగా, ఎర్రగా మారి ఆకు రాలుస్తాయి, పొలాలు కోతలు ముగించుకుంటాయి, నదీలోయల్లో పొగమంచు పొద్దెక్కినా విడవదు, పగలు వారం వారం కుంచించుకుపోతుంది. నిండుదనానికి చేసుకునే పండుగలను ఏడాది ముగింపుకు వచ్చే ఋతువులోకి మోసుకుపోయిన తెలుగు కుటుంబాలు వాటిని ఎలా నిలుపుకుంటున్నాయి, అందులో ఏది సులువుగా ఇమిడింది, దేనికి ఎక్కువ శ్రమ పడవలసి వచ్చింది అన్నది ఈ ప్రసంగంలోని విషయం.

తెలుగుకూ జర్మన్ నేలకూ పరిచయం కొత్తది కాదు. జర్మన్ మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని, స్వదేశానికి తిరిగి వెళ్లిన తరువాత, 1746 ప్రాంతంలో హాలె పట్టణంలో అచ్చు వేయించిన క్రైస్తవ గ్రంథాలే తొలి తెలుగు అచ్చుపుస్తకాలని సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. అయితే తెలుగు కుటుంబాలు అక్కడ గణనీయంగా కాపురం పెట్టడం ఈ శతాబ్దపు కథ. కంప్యూటర్ నిపుణుల కోసం జర్మనీ 2000లో ప్రవేశపెట్టిన గ్రీన్ కార్డు పథకం, 2012లో వచ్చిన యూరోపియన్ బ్లూ కార్డు, వాటితో పాటు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు బోధన రుసుము లేకపోవడం ఇందుకు దారి వేశాయి. 2023–24 శీతాకాల విద్యాసంవత్సరంలో జర్మనీలో చదువుతున్న భారతీయ విద్యార్థులు దాదాపు 49 వేల మంది, విదేశీ విద్యార్థులలో అతిపెద్ద వర్గం వారిదే. తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జర్మన్ బోధన ఎంతోకాలంగా సాగుతున్న సికింద్రాబాద్ ప్రాంతంలో, మారేడ్‌పల్లి, మల్కాజిగిరి, అల్వాల్ వంటి పేటల్లో, కొడుకో కూతురో మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న తల్లిదండ్రులు తారసపడటం ఇప్పుడు వింత కాదు.

జర్మన్ శరత్తుకు తనదైన పండుగల వరుస ఉంది. అక్టోబర్ మొదటి ఆదివారం చాలా చర్చిలలో పంటకు కృతజ్ఞత చెప్పే పండుగ జరుగుతుంది, వేదిక ముందు గుమ్మడికాయలు, ద్రాక్షలు, గోధుమ కంకులు, రొట్టెలు పేర్చుతారు. ఆల్ప్స్ పర్వత గ్రామాల్లో వేసవంతా ఎత్తైన పచ్చికబయళ్లలో మేసిన ఆవులను పూలకిరీటాలతో, పెద్ద గంటలతో అలంకరించి లోయలోకి దింపుకొస్తారు. అక్టోబర్ 31 మార్టిన్ లూథర్ సంస్కరణోద్యమాన్ని తలచుకునే రోజు. నవంబర్ 1 సకల పునీతుల రోజు, ఆ రోజున కేథలిక్ ప్రాంతాల ప్రజలు శ్మశానాలకు వెళ్లి తమవారి సమాధులను పూలతో, దీపాలతో అలంకరిస్తారు. భాద్రపద అమావాస్య నాడు, అంటే తెలంగాణవారు పెత్రమాస అని పిలిచే రోజున, పెద్దలకు బియ్యం ఇచ్చి సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మను పేర్చే ఇంటివారికి ఈ ఆచారం సులువుగానే అర్థమవుతుంది. గతించినవారిని తలచుకోవలసిన కాలం ఇదేనని రెండు నేలల వారూ భావించారు. ఒక్క విషయంలో మాత్రం కొత్తగా వచ్చిన కుటుంబాలు జాగ్రత్త పడాలి. ఆస్ట్రియాలో, దక్షిణ జర్మనీలో ఈ రోజుల్లో చామంతి సమాధుల మీద పెట్టే పువ్వు, కాబట్టి పండుగ సంతోషంతో పొరుగింటివారికి ఇచ్చిన చామంతి కుండీ వారికి ఇబ్బంది కలిగించవచ్చు.

ఈ వరుస మధ్యలోకి బతుకమ్మ వచ్చి చేరుతుంది. తొమ్మిది రోజుల పాటు సాగి దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ పండుగను 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. దీనికి మూడు కావాలి: బుట్టల కొద్దీ పూలు, ఆరుబయట వలయంగా తిరిగే చోటు, చివరికి పూలను సాగనంపడానికి నీరు. సికింద్రాబాద్‌లో మొదటిది మోండా మార్కెట్‌లో కుప్పలుగా దొరుకుతుంది, రెండోది ఏ గుడి ఆవరణలోనో బస్తీ నడిమధ్యనో కుదురుతుంది, మూడోదానికి చెరువు ఉంది. జర్మన్ పట్టణంలో ఈ మూడింటిలో ఒక్కటీ ఊరికే రాదు, పైగా ప్రతి దానికీ ఒక చట్టం అడ్డుగానో తోడుగానో నిలుస్తుంది.

పూల సంగతే తీసుకుంటే, తంగేడు అక్కడ పెరగదు. దాని స్థానాన్ని చాలాచోట్ల గోల్డెన్‌రాడ్ అనే మొక్క తీసుకుంటుంది. ఉత్తర అమెరికా నుంచి ఒకప్పుడు తోటల కోసం తెచ్చిన ఈ మొక్క ఇప్పుడు రైలుకట్టల వెంట, పాడుబడిన స్థలాల్లో దట్టంగా అల్లుకుని, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా పసుపు కంకులు తొడుగుతుంది. గునుగు జాతికే చెందిన రంగురంగుల మొక్కలు శరత్తు అలంకరణ కోసం తోటసామాన్ల దుకాణాల్లో కుండీలలో అమ్ముతారు. బంతి, డాలియా, పొద్దుతిరుగుడు ఇళ్ల తోటల్లో తొలి మంచు పడేవరకూ పూస్తాయి. ఊళ్ల పొలిమేరల్లో రైతులు నిర్వహించే పూలమళ్లు మరో ఆధారం. అక్కడ కాపలాదారు ఉండడు, కత్తి ఉంచుతారు, ధరల పలక ఉంటుంది, ఎవరికి కావలసిన పూలు వారు కోసుకుని ఇనుప డబ్బాలో డబ్బు వేసి వెళ్లాలి. అడవిపూల విషయంలో జర్మన్ ప్రకృతి పరిరక్షణ చట్టం స్పష్టమైన హద్దు గీసింది. రక్షిత జాతులు కాని పూలను, రక్షిత ప్రాంతాలు కాని చోట, సొంత అవసరానికి పిడికిట పట్టే గుత్తి మేరకు ఎవరైనా కోసుకోవచ్చు. బతుకమ్మ ఒక పిడికిలి పూలతో లేచేది కాదు. అందుకే పది ఇళ్లవారు కలిసి, ఎవరి పిడికిలి వారు, ఎవరి పెరటి బంతులు వారు, ఎవరు కొన్న కుండీ వారు తెచ్చి ఒకే తాంబాళంలో పేర్చే పద్ధతి ఏర్పడింది. ఇంటికొక బతుకమ్మ అనే లెక్క అక్కడ ఊరికొక బతుకమ్మగా మారడానికి పూల కొరత పెద్ద కారణమని చెప్పవచ్చు. ఈ కొరత పండుగకు నష్టం చేయకపోగా, దాని అసలు లక్షణాన్ని మరింత బలపరిచింది. పూలు ఏరుకురావడం, కాడలు సమంగా తుంచడం, వరుస మీద వరుస పేర్చడం కలిసి చేసే పనులుగా ఉన్నంతకాలమే బతుకమ్మ బతుకమ్మ. తయారుగా కొని తెచ్చి నడుమ పెట్టిన పూలగోపురం చుట్టూ ఎన్ని చుట్లు తిరిగినా ఆ పండుగ సగమే.

చోటు విషయానికి వస్తే, అక్టోబర్ సాయంత్రాలు పది పన్నెండు డిగ్రీల చలిలో, తరచు చినుకుల్లో గడుస్తాయి కాబట్టి ఆరుబయలు కుదరదు. రాత్రి పది తరువాత చుట్టుపక్కలవారి నిద్రకు భంగం కలగకూడదన్న నియమం ఉంది, ఆదివారాలను విశ్రాంతి దినాలుగా రాజ్యాంగమే కాపాడుతుంది. అందువల్ల పురపాలక సంఘాల సమావేశ మందిరాలో, చర్చిలకు అనుబంధంగా ఉండే సమాజ భవనాలో అద్దెకు తీసుకుంటారు. వాటిని అడగడానికి, బ్యాంకు ఖాతా తెరవడానికి నమోదైన సంఘం ఒకటి ఉంటే మేలు. అలాంటి సంఘాన్ని న్యాయస్థానపు పట్టికలో చేర్చడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలని జర్మన్ పౌరస్మృతి చెబుతుంది. జర్మన్‌లు తమ గానబృందాలకూ క్రీడలకూ తోటపనులకూ వాడుకునే ఈ పద్ధతినే తెలుగువారూ అందిపుచ్చుకుని తమ సంఘాలు కట్టుకున్నారు.

నీరు అన్నింటికన్నా కష్టమైనది. నదులలో, సరస్సులలో స్నానానికీ చిన్న పడవలకూ ప్రజలకు హక్కు ఉన్నా, వాటిలో వస్తువులు వేయడానికి జలచట్టం కింద అధికారుల అనుమతి అడగాలి. కొన్ని ఊళ్లలో అనుమతి దొరుకుతుంది, చాలాచోట్ల భవనం పెరట్లో ఒక పెద్ద తొట్టెనో పిల్లలు ఆడుకునే గాలి కొలనునో నీటితో నింపి అందులోనే బతుకమ్మను సాగనంపుతారు. ఆ తరువాత పూలు జీవవ్యర్థాలకు కేటాయించిన ప్రత్యేక డబ్బాలోకి చేరి ఎరువవుతాయి. చెరువులో వేసిన పూలు నీటికి మేలు చేస్తాయని తెలంగాణ పెద్దలు చెబుతూ వచ్చారు. జర్మనీలో పూల మేలు మట్టికి అందుతుంది. తొట్టెను చూసి నొచ్చుకునేవారు ఉంటారు, ఆ నొప్పిని తేలిక చేయనక్కరలేదు. అలుగు పారుతున్న చెరువు ఒడ్డున నిలబడి బతుకమ్మను నీటికి అందించడంలోని నిండుదనం ప్లాస్టిక్ తొట్టెలో ఉండదు. కాని ఆ తొట్టె దగ్గరే గౌరమ్మ పసుపును ఒకరికొకరు పూసుకుని, పెరుగు, నిమ్మకాయ, చింతపండు, కొబ్బరి, నువ్వుల సద్దులను పంచుకునే ఆడవాళ్లు చేస్తున్నది పండుగే.

రోజు ఎంచుకోవడంలోనూ రాజీ ఉంది. 2025లో సద్దుల బతుకమ్మ సెప్టెంబర్ 30, మంగళవారం వచ్చింది. బడికి హాజరు తప్పనిసరి అయిన దేశంలో, మతపరమైన పండుగకు సెలవు కావాలంటే ముందుగా రాసి అడగవలసిన చోట, మంగళవారం సాయంత్రం ఊరంతటినీ ఒక మందిరానికి రప్పించడం కష్టం. ఆ ఏడు అక్టోబర్ 3, జర్మన్ ఏకీకరణ దినం, శుక్రవారం పడి వరుసగా మూడు రోజుల సెలవు ఇచ్చింది. దీని నుంచి ఒక ద్వంద్వ పద్ధతి స్థిరపడింది: తిథి నాడు ఇంట్లో దీపం, చిన్న పళ్లెంలో పిడికెడు పూలతో పేర్చిన బతుకమ్మ, దగ్గరి శనివారం నాడు మందిరంలో సామూహిక ఉత్సవం. రెండోది ఎంత ఘనంగా జరిగినా మొదటిది వదలకూడదు. శనివారపు ఉత్సవంలో పిల్లలు తోటివారిని చూస్తారు, పట్టులంగాలు కట్టుకుంటారు, మంచి భోజనం చేస్తారు. అయితే చంద్రుడిని బట్టి రోజు నిర్ణయమవుతుందన్న సంగతి మాత్రం మంగళవారం బడి నుంచి వచ్చాక తల్లి పక్కన కూర్చుని పూలు పేర్చినప్పుడే వారికి తెలుస్తుంది.

విజయదశమికి జమ్మి ఆకు చేతికి అందదు. 2019 డిసెంబర్ 14 నుంచి అమలులో ఉన్న యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం, బయటి దేశాల నుంచి తాజా మొక్కలు, ఆకులు, కూరగాయలు, పండ్లు ఏవి తేవాలన్నా వాటికి తెగుళ్లు లేవని ధ్రువపత్రం ఉండాలి. అనాస, కొబ్బరి, అరటి, ఖర్జూరం, డ్యూరియన్ అనే అయిదు పండ్లకు మాత్రమే మినహాయింపు. అంటే సికింద్రాబాద్ నుంచి వెళ్లే పెట్టెలో కొబ్బరికాయకు చోటుంది కాని మామిడాకుకు, కరివేపాకుకు, జమ్మికి లేదు. పాలు, మాంసం, వాటి ఉత్పత్తులు ప్రయాణికుల సామానులో నిషిద్ధం కాబట్టి నెయ్యి, పాలకోవా కూడా వెళ్లవు. నూనెలో వేయించిన సకినాలు, జంతికలు, పప్పుల పొడులు వెళతాయి. పాలపిట్టను చూడాలన్న ఆచారమూ అక్కడ తీరదు. దాని దగ్గరి బంధువైన యూరప్ జాతి నీలిపిట్ట ఒకప్పుడు జర్మనీలో గూళ్లు కట్టుకునేది, పొలాల తీరు మారి, పాత తొర్రల చెట్లూ పెద్ద పురుగులూ తగ్గిపోవడంతో 20వ శతాబ్దం ముగిసేలోపే అక్కడ సంతానం పెంచడం మానేసింది. జమ్మి లేకున్నా పెద్దల పాదాలకు మొక్కడం, ఒకరినొకరు హత్తుకునే అలయ్ బలయ్ మిగిలాయి, వాటికి ఏ సరిహద్దు దగ్గరా తనిఖీ లేదు.

దీపావళి తీరు వేరు. బతుకమ్మను అడ్డుకున్న ఋతువే దీపావళికి సాయపడుతుంది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పగానే సాయంత్రం అయిదింటికే పొద్దు వాలిపోతుంది. జర్మనీతో భారత కాలానికి ఉన్న తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర గంటలకు పెరుగుతుంది. చీకటి పట్టిన కిటికీలో వెలిగే ప్రమిద అక్కడివారికి విడ్డూరంగా తోచదు, వాళ్లూ ఆ నెలల్లో కిటికీలలో కొవ్వొత్తులు పెట్టుకునేవారే. తిథి గణనలో కూడా ఒక్కోసారి ఆ కాలపు తేడా చిక్కు విడదీస్తుంది. 2024లో అమావాస్య రెండు రోజుల సూర్యాస్తమయాలను తాకడంతో దీపావళి అక్టోబర్ 31నా నవంబర్ 1నా అన్న చర్చ భారతదేశంలో సాగింది. అమావాస్య ముగిసిన ఘడియ జర్మన్ గడియారంలో నవంబర్ 1 మధ్యాహ్నం 1 గంట 47 నిమిషాల ప్రాంతం, అంటే అక్కడి సూర్యాస్తమయానికి చాలా ముందు. కాబట్టి అక్కడ అక్టోబర్ 31 సాయంత్రమే అమావాస్య దీపాలకు తగినదని వాదం లేకుండా తేలిపోయింది. ఆ రోజు ఉత్తర, తూర్పు జర్మనీలోని తొమ్మిది రాష్ట్రాల్లో సంస్కరణ దినపు సెలవు కూడా కలిసి వచ్చింది.

టపాసుల సంగతి చట్టం తేల్చేసింది. జర్మనీలో సాధారణ ప్రజలకు పెద్ద బాణసంచా అమ్మకం డిసెంబర్ చివరి మూడు రోజులకే పరిమితం, కాల్చడానికి డిసెంబర్ 31, జనవరి 1 తేదీలు మాత్రమే. ఏడాది పొడవునా అనుమతి ఉన్నది కాకరపువ్వొత్తుల వంటి చిన్న రకానికి. ఇళ్లలో పొగను పసిగట్టే పరికరాలు తప్పనిసరి కాబట్టి సాంబ్రాణి, కర్పూరం కూడా కిటికీ తెరిచి కొద్దిగా వెలిగించాలి. ఆ విధంగా సికింద్రాబాద్‌లో వీధి అంతా మోగించే దీపావళి అక్కడ లక్ష్మీపూజ, ప్రమిదలు, నాలుగు కాకరపువ్వొత్తులతో ఇంటి పండుగగా మారితే, ఒకప్పుడు వాకిట్లో మొదలయ్యే బతుకమ్మ ఊరుమ్మడి పండుగగా ఎదిగింది. వలస ఈ రెండింటి స్థానాలను తారుమారు చేసింది. శబ్దం పోయిన దీపావళిని లోటుగా భావించేవారితో ఏకీభవించడం కష్టం, ఎందుకంటే కార్తీకం ముంగిట దీపం చూపించే శాంతం అక్కడే పూర్తిగా అనుభవానికి వస్తుంది.

పిల్లలకు ఈ ఋతువులో అత్యంత ప్రియమైనది బహుశా నవంబర్ 11న వచ్చే పునీత మార్టిన్ పండుగ. 4వ శతాబ్దపు రోమన్ సైనికుడైన మార్టిన్, అమియాన్ నగరద్వారం దగ్గర చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చాడని కథ. తరువాత ఆయన తూర్ పట్టణానికి బిషప్ అయ్యాడు, 397 నవంబర్ 11న ఆయన అంత్యక్రియలు జరిగాయి. శిశుపాఠశాలల పిల్లలు వారాల ముందు నుంచే రంగుకాగితాలతో లాంతర్లు చేసుకుని, ఆ సాయంత్రం గుర్రమెక్కిన మార్టిన్ వేషధారి వెనుక పాటలు పాడుతూ వీధుల్లో నడుస్తారు. జ్యూరిక్ పరిసరాల్లో కాగితానికి బదులు ఊదా తొక్క ఉన్న టర్నిప్ దుంపలను తొలిచి, తొక్క మీద నక్షత్రాలో చంద్రవంకలో చెక్కి లోపల దీపం పెట్టే ఆచారం ఉంది. 2023లో మార్టిన్ ఊరేగింపు శనివారం నవంబర్ 11న రాగా మరునాడే, నవంబర్ 12న, దీపావళి వచ్చింది. వరుసగా రెండు సాయంత్రాలు దీపం పట్టుకున్న ఆ పిల్లలకు ఒకటి తమదనీ మరొకటి పరాయిదనీ తోచవలసిన అవసరం లేదు. ఇలాంటి ఊరేగింపులకు పిల్లలను పంపితే తమ సంప్రదాయం చెదిరిపోతుందని జంకే తల్లిదండ్రులు లేకపోలేదు. పంచుకోవడాన్ని గురించిన కథ ఏ ఇంటి పిల్లవాడినీ చెడగొట్టదు, పైగా ఊరి వీధిలో ఊరివారితో నడిచిన పిల్లలు తమ బతుకమ్మకు సహాధ్యాయులను ధైర్యంగా పిలవగలుగుతారు.

నిజంగా ఆందోళన పడవలసింది పాట గురించి. బతుకమ్మ పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావారు చప్పట్ల లయలో ప్రతి పాదం చివరా వంత పలుకుతారు. ఎత్తుకునే మనిషి లేని చోట స్పీకర్లు ఆ స్థానంలోకి వస్తాయి. జర్మనీలో బహిరంగ సభల్లో హక్కులున్న సంగీతం వినిపిస్తే గేమా అనే హక్కుల సంస్థకు రుసుము చెల్లించాలి, శబ్దతీవ్రత పెరిగితే పొరుగువారి ఫిర్యాదు కూడా రావచ్చు. కర్త ఎవరో తెలియని పాత జానపద పాటను నోటితో పాడితే ఈ రెండు తలనొప్పులూ ఉండవు. అయితే ఆ పాటలు నిడివిలో పెద్దవి, కథలతో నిండినవి, పుస్తకం చూసి పాడితే చప్పట్లు తప్పుతాయి. అవి పూర్తిగా వచ్చినవారు మారేడ్‌పల్లిలో, బోయిన్‌పల్లిలో, తిరుమలగిరిలో అరవైలు దాటిన అమ్మమ్మలు, నాయనమ్మలు. సికింద్రాబాద్‌లో సాయంత్రం ఆరున్నర అయినప్పుడు బతుకమ్మ రోజుల్లో జర్మనీలో మధ్యాహ్నం మూడు గంటలు, బడి ముగించుకున్న మనవరాలు ఇంటికి చేరే వేళ. ఆ వేళలో క్షేమసమాచారాలతో పాటు రోజుకు నాలుగు చరణాలు ఫోన్‌లో చెప్పించుకుంటే, పెత్రమాసకు రెండు నెలల ముందు మొదలుపెట్టిన పిల్ల సద్దుల నాటికి ఒక పాటను ఎత్తుకోగలదు. పిల్ల తెలుగు పలుకుబడిలో జర్మన్ యాస దొర్లినా అమ్మమ్మలు మధ్యలో ఆపి దిద్దకుండా ముందు చరణం పూర్తి కానివ్వడం మంచిది, ఎందుకంటే వలయంలో నిలబడి పాడవలసిన రోజున ఆ పిల్లకు ముందుగా కావలసింది గొంతు విప్పే ధైర్యం.